గోడవైపు తిప్పిన సంచి

మా మేనత్త పోయింది. పోయిన నెల, శ్రీకాకుళంలో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, చెయ్యి విరిగితే పోయింది. చెయ్యి విరిగితే మనిషి పోతుందా అని మీరడుగుతారు. నేనూ అదే అడిగేను. "గుండె ఆగిపోయిందండీ, వయసు కదా" అని కాగితం రాసిచ్చారు. పోయినవాళ్ళందరికీ గుండె ఆగుతుంది బాబూ! ఎందుకు ఆగిందో రాయమంటే మాత్రం ఎవరి కలమూ కదల్లేదు.

ఆవిడకి పిల్లల్లేరు. మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. కోటబొమ్మాళి దగ్గర మా ఊళ్ళో కుట్టుమిషను పెట్టుకుని, ఊరందరి జాకెట్లూ కుడుతూ బతికింది. నేను బస్సు కండక్టర్ని. డ్యూటీ లేని రోజున భోజనం ఆవిడ దగ్గరే. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి అనుమానాల అత్త అనేవారు. నేనూ వెనకాల అలాగే అన్నాను. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది ఆ మాట వెనక్కి తీసుకోవడానికే అనుకోండి.

మందుల షాపుకి ఆవిడతో వెళ్ళడమంటే నాకు తలనొప్పి. షాపతను చీటీలో రాసిన మందు లేదని ఇంకోటి తీసి, "ఇదీ అదేనమ్మా, కంపెనీ వేరు" అంటాడు. "అదే అయితే అదే ఇచ్చీ. ఇదెందుకు?" అనేది. నాలుగు మాత్రలు కావాలంటే అతను కత్తెర తీస్తాడు. "తేదీ ఉన్న పక్క కొయ్యకు బాబూ. ఆ ముక్క నాకియ్యి. తేదీ లేని మాత్ర మింగమంటావేటి?" వెనకాల జనం సణుగుతుంటారు. నేను పక్క షాపులో ఏదో చూస్తున్నట్టు నిలబడేవాణ్ణి.

ఆవిడ పుట్టుకతో అలాంటిది కాదు. మావయ్య ఉన్నప్పుడు ఎవరేం చెప్పినా తలూపే మనిషే. మావయ్యకి ఒకసారి కడుపునొప్పొచ్చింది. మా ఊరి ఆరెంపీ డాక్టరు తనే ఆటో ఎక్కించి, తనకి తెలిసిన ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆపరేషనన్నారు. మూడో రోజు ఆయన పోయాడు. ఏం ఆపరేషను చేశారో ఎవరికీ సరిగ్గా తెలీదు. అపెండిక్సు అని ఒకరన్నారు, పేగు మెలికపడిందని ఒకరన్నారు.

మా వైపు ఒక అలవాటుంది. పోయినవాళ్ళ పరుపు, దుప్పటి, ఒంటిమీది బట్టలు, మిగిలిన మందులు, అన్నీ కట్టగట్టి ఊరి బయట తగలెట్టేస్తారు. ఇంట్లో ఉంటే రోగం మళ్ళీ ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని భయం. ఆ కట్టలో మావయ్య ఆసుపత్రి ఫైలు కూడా పోయింది. కొన్నాళ్ళకి ఏడుపు తగ్గి, అసలేం జరిగిందో కనుక్కుందామని అత్త ఆ ఆసుపత్రికి వెళితే, "మీ దగ్గర కాయితాలేవమ్మా?" అని వాళ్ళే ఎదురడిగారు.

"మీ మావ ఏటై పోయాడో నాకిప్పటికీ తెల్దురా" అనేది నాతో. "నా సేత్తోనే కట్టగట్టి ఇచ్చేను. పరుపు తగలెట్టొచ్చు. కాయితాలెందుకు తగలెట్టాల?"

అప్పట్నుంచీ ఆవిడ ఇంట్లో చిన్న చీటీ కూడా బయటికి పోలేదు. జాకెట్టు ముక్కలన్నీ అతికి ఒక సంచి కుట్టుకుంది. దానికి లోపల అరలు. మోకాళ్ళ చీటీలకి పచ్చ అర, కళ్ళకి నీలం అర, బీపీకి పువ్వుల అర. ఎక్సురేలు పట్టేలా వెనకాల పొడుగ్గా ఇంకోటి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

ఆ కాయితాల పట్టుదల వల్లే ఒకసారి ఆవిడ అక్కర్లేని ఆపరేషను తప్పించుకుంది. అదే ఆరెంపీ, ఈసారి ఇంకో ఆసుపత్రి. గర్భసంచి తీసెయ్యాలి, ఇవాళే తియ్యాలి, లేకపోతే కేన్సరన్నారు. అత్త లేచి నిలబడి, "మంచిది బాబూ, రేపు పొద్దున్నే వస్తాను, ఆ స్కానింగు కాయితం ఇలగియ్యండి" అని పట్టుకుని, తిన్నగా విశాఖ బస్సెక్కేసింది. అక్కడొక డాక్టరమ్మ ఆ కాగితం చూసి, మళ్ళీ పరీక్ష చేసి, నీకేమీ లేదమ్మా, ఇంటికి పొమ్మంది. ఆ డాక్టరమ్మ పేరెత్తితే అత్త రెండు చేతులూ జోడించేది. అందుకే చెప్తున్నాను, ఆవిడకి డాక్టర్లంటే పడదన్నది ఊరివాళ్ళు కట్టిన మాట.

"డాక్టర్ల మీద నాకు కోపం ఏటుంటాదిరా? వాళ్ళు రోజుకి వందమందిని సూస్తారు. నన్ను నేనొక్కర్తినే సూసుకోవాల" అనేది.

ఇక ఎర్ర దారం సంగతి. నాలుగైదేళ్ళ కిందట మోకాలి నొప్పికి ఆరెంపీ ఒక సూది చేశాడు. నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాచిపోయి ఊపిరందలేదు. అదృష్టం బాగుండి ప్రభుత్వాసుపత్రికి చేరేసరికి ప్రాణం ఉంది. అక్కడి డాక్టరు గట్టిగా చెప్పాడట, ఈ మందు మళ్ళీ ఒంట్లోకి వెళితే బతకవని. అత్త ఆ మందు పేరు పెద్దక్షరాల్తో రాయించుకుని ఇంటికొచ్చింది. సంచికి ముందువైపు తెల్లగుడ్డ అతికి, దానిమీద ఎర్ర దారంతో కుట్టింది. "డైక్లోఫెనాక్ నాకు పడదు." కింద ఇంగ్లీషులో కూడా కుట్టింది, చీటీ చూసి ఒక్కో అక్షరం దిద్దుకుంటూ.

నేను పకపకా నవ్వేను. "పెళ్ళి కార్డులాగ ఇదేటత్తా?"

"నవ్వరా, నవ్వు. నేను మెలకువగ ఉంటే నేను సెప్తాను. మత్తులో ఉంటే ఎవులు సెప్తారు? అప్పుడీ సంచే మాటాడాల."

పోయిన నెల పెరట్లో నాచు మీద జారి, ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ప్లేటు వెయ్యాలన్నారు. నేనే తీసుకెళ్ళేను. పెద్ద డాక్టరుకి సంచి చూపించింది. ఆయన చూసి తలూపేడు. "రాసుకోండి బాబూ" అంది. "గుర్తుంటుందిలేమ్మా" అన్నాడు. గది బయటికి రాగానే నా భుజం గోకి, "రాయలేదు, సూసేవా?" అంది. నాకు చిరాకేసింది. "ఆయనకి నువ్వు సెప్పాలేటి? ఊరుకో అత్తా" అన్నాను.

ఆవిణ్ణి ఎక్సురేకి తీసుకెళ్ళినప్పుడు కౌంటర్లో నాకు కాగితాలిచ్చారు. పెన్సిలుతో ఎనిమిది చోట్ల ఇంటూ గుర్తులు పెట్టి, అక్కడల్లా సంతకం పెట్టమన్నారు. పెట్టేసేను. ఆపరేషను ఒప్పుదల కాగితం మాత్రం అత్తకే ఇచ్చారు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, ఏ చెయ్యో, ఏ ఆపరేషనో రాసుందా లేదా అని రెండుసార్లు చదివి అప్పుడు పెట్టింది. సిస్టరు విసుక్కుంది. ఆ విసుగు చూసి నేను సిగ్గుపడ్డాను. ఎవర్ని చూసి సిగ్గుపడాలో కూడా తెలీని వెధవని.

ఆపరేషనుకి వెళ్ళేముందు సంచి నా చేతికిచ్చింది. "సెలైను స్టాండుకి తగిలించు. అక్షరాలు ఇటుండాల. ఎవులొచ్చి సూది సేసినా ముందు ఇది సూపించు. మర్సిపోకురా." సరేనన్నాను.

ఆపరేషను బాగానే అయింది. మధ్యాహ్నం మంచం మీదికి తెచ్చారు, ఇంకా మత్తులోనే ఉంది. ఆవిడ చెప్పినట్టే సంచి తగిలించేను. రౌండుకొచ్చిన కుర్ర డాక్టరు అది చూసి, "ఏటండీ, జెండా ఎగరేసేరు?" అన్నాడు. పక్క మంచాల దగ్గరున్నవాళ్ళంతా నవ్వేరు. ఆయన కూడా చదవలేదు, నవ్వేడంతే. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన వెళ్ళగానే సంచిని అక్షరాలు కనపడకుండా గోడవైపు తిప్పేను.

డ్యూటీ మారేక కొత్త సిస్టరు ట్రే పట్టుకుని వచ్చింది. "నొప్పికి ఇంజక్షను" అంది. నేను పక్కకి జరిగి దారిచ్చేను. అత్త కళ్ళు సగం తెరిచింది. నాలుక మందంగా ఉంది. "ఏటి... ఏటి సూదది?" అంది.

"నొప్పికేలే అత్తా. పడుకో."

నా నోటితోనే అన్నాను ఆ మాట. పది నిమిషాల్లో దద్దుర్లు తేలేయి. నేను కేకలేసేను, వాళ్ళు పరిగెత్తుకొచ్చేరు, మంచం ఐసీయూలోకి తోసుకుపోయారు. పొద్దు వాలకముందే బయటికొచ్చి గుండె ఆగిపోయిందన్నారు.

పోస్టుమార్టం అడుగుదామా అన్నాను. అత్త మరిది ఒకాయన ఉన్నాడు, మాకందరికీ పెద్ద. "సచ్చినాక కూడా వదిన్ని కొయ్యిస్తావేటిరా?" అన్నాడు. నోరు మూసుకున్నాను. అదీ తప్పే. అప్పుడు అడక్కపోతే తర్వాత అడగడానికేమీ మిగలదని ఇప్పుడు తెలుస్తోంది. ఊరికొచ్చేక పరుపు, దుప్పటి కట్టగడుతూ ఆయన సంచి మీద చెయ్యేసేడు. "పోయినోళ్ళ కాయితాలు ఇంట్లో ఉండకూడదు. ఇలగియ్యి." ఆ ఒక్కసారి మాత్రం నాకు బుద్ధొచ్చింది. సంచి కిందపెట్టి దానిమీద కూర్చున్నాను. "మావా, కావాలంటే నాతో కలిపి తగలెట్టు" అన్నాను. ఆయన నన్ను తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

తర్వాత కేసు షీటు కోసం తిరిగేను. సారు లేరన్నారు, ఫైలు పైన ఉందన్నారు. రాతపూర్వకంగా అడిగితే మూడు రోజుల్లో ఇవ్వాలని అత్త ఎన్నిసార్లు చెప్పిందో నాకు. "నోటితో అడిగితే నోటితోనే సెప్పి పంపిస్తార్రా" అనేది. అర్జీ రాసి, నా కాపీ మీద అందినట్టు ముద్ర కొట్టించుకుని మరీ వచ్చేను. మూడో రోజున నకలు ఇచ్చారు. అసలు ఫైలు బల్లమీద పెట్టి చూపించమన్నాను. కొత్త పిన్ను పక్కనే పాత పిన్ను కన్నాలున్నాయి. ఎవరో విప్పి మళ్ళీ పిన్ను కొట్టేరన్నమాట.

సూది పేరు అందులో ఉంది. టైముతో సహా ఉంది. సంచిమీద అత్త కుట్టిన అక్షరాలే. దొంగలు దొరికేరని వేడెక్కిపోయి పేజీలు వెనక్కి తిప్పేను. మొదటి పేజీలో ఒక గడి ఉంది, ఏ మందైనా పడదా అని. దాంట్లో నీలం సిరాతో ఏమీ లేవని రాసుంది. చెప్పినవారు, మేనల్లుడు. దానికింద నల్ల సిరాతో సంతకం.

నాదే.

నన్నెవరూ అడగలేదు. ఆ గడి ఖాళీగా ఉన్నప్పుడే నేను సంతకం పెట్టేను, నీలం సిరా తర్వాత ఎవరిదో. ప్రమాణం చేసి చెప్పగలను. అయితే ఏం? ఇన్నేళ్ళుగా టిక్కెట్టు చూడందే ఒక్క ప్రయాణికుణ్ణి దిగనివ్వని మనిషిని, చదవకుండా ఎనిమిది చోట్ల గీకేను. వాళ్ళని అనుమానించుకుంటూ వెళ్ళినవాణ్ణి, నా దగ్గరికే వచ్చి ఆగేను.

ఫిర్యాదు రాస్తున్నాను, వినియోగదారుల కమిషనుకీ, డాక్టర్ల కౌన్సిలుకీ. చెప్పినా రాసుకోని డాక్టరు సంగతి, ఎదురుగా ఉన్న అక్షరాలు చదవని డాక్టరు సంగతి, పేరు చెప్పకుండా సూది చేసిన సంగతి, పిన్ను కన్నాలు, అన్నీ రాసేను. ఖాళీ కాగితం మీద సంతకం నాదే అని, సంచి గోడవైపు తిప్పింది నేనే అని కూడా రాసేను. మా ఆవిడ చదివి, "అది తీసేద్దురూ, కేసు పోతాదేమో" అంది. పోతే పోనీ. కాగితం కోసం అంత తపించిన మనిషి గురించి కాగితంలో దాచి రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఎవరిది ఎంత తప్పో వాళ్ళే తేలుస్తారు. అత్తా, నన్ను క్షమించు. ఆ మాట ఫిర్యాదులో పట్టదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

సంచి ఇప్పుడు మా ఇంట్లో ఉంది. వీధి తలుపు తియ్యగానే కనపడేలా మేకుకి తగిలించేను. ఫ్యాను గాలికి అప్పుడప్పుడు గోడవైపు తిరిగిపోతుంది. అన్నం తింటున్నా సరే, లేచి వెళ్ళి ఇటు తిప్పి వస్తాను.