యాభై ఎనిమిదేళ్ళ కొత్త డ్రైవరు

టిక్... టిక్... టిక్.

సింగపూర్‌లోని హౌగాంగ్‌లో మా బ్లాక్ కింద, స్తంభాల వెనకనుంచి వచ్చింది ఆ చప్పుడు. ఎవరో నాలుకతో చేస్తున్నారు. రెండడుగులు వేశాక కనిపించారు పురుషోత్తంగారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గాలిని గుండ్రంగా పట్టుకుని తిప్పుతున్నారు.

"ఇండికేటర్ వేసినా తమ్ముడూ, పక్కకి జరుగు!"

ఆయన ముత్తాత విశాఖ వైపునుంచి ఓడెక్కి వచ్చినవారు. ఈయన ఇరవై ఐదేళ్ళు ఫ్యాక్టరీలుండే జురాంగ్ ఐలాండ్‌కు లారీ నడిపారు. పదకొండేళ్ళ క్రితం ఒక ఆదివారం, పార్కింగ్‌లో దొరికిన ఒకే ఒక్క ఖాళీలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. వెనక వచ్చే తన కారు కోసం చోప్ చేశానన్నాడు, అంటే చోటు ఆపానని. ఇక్కడ తినేచోట బల్లమీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపుకుంటే ఎవరూ కాదనరు. మనిషే టిష్యూ ప్యాకెట్ అయితే పురుషోత్తంగారు ఒప్పుకోలేదు. ఒక్క గుద్దు. కోర్టు జరిమానా వేసి, రెండేళ్ళు బండి ముట్టుకోవద్దంది.

ఐదేళ్ళు ఏ గొడవా లేకుండా ఉంటే ఆ నేరం రికార్డులో చెల్లిపోతుందని తెలిసి, భార్య సుధామణిగారు క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తూ వచ్చారు. ఐదేళ్ళు నిండిన రోజున సేమ్యా పాయసం వండి అంతస్తంతా పంచారు. నేరంతోపాటు నిషేధమూ కరిగిపోయిందని, లైసెన్సు మళ్ళీ తమదేనని నమ్మారు. అప్పటికి ఆయనది గిడ్డంగి పని. బండి అవసరం పడలేదు.

ఈ ఏడాది మా పేటలోని వృద్ధుల డే కేర్‌కు వ్యాన్ డ్రైవరు కావాలన్నారు. కిటికీల్లేని గోడల మధ్య అన్నేళ్ళు గడిపిన మనిషికి, అద్దంలో చెట్లు కదలడం మళ్ళీ చూడాలనిపించింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు. అక్కడి మేనేజర్ ప్రణవి, ఆయన చేతే పోలీసుల వెబ్‌సైట్ తెరిపించింది.

"అంకుల్, కేసు చెల్లిపోయింది, కరెక్టే. కానీ ఏడాదికి పైన డిస్‌క్వాలిఫై అయితే పాత లైసెన్సు పనికిరాదు. మొదట్నుంచీ పరీక్షలు పాసవ్వాలి." ఆయన ఇస్త్రీ చొక్కా వైపు చూసి అంది: "దీపావళి దాకా ఎవర్నీ తీసుకోనులెండి."

కూతురు కావ్యశ్రీ కూడా అప్పుడే నేర్చుకుంటోంది. ఇద్దరూ ఒకేరోజు థియరీ రాశారు. పిల్ల పాస్, తండ్రి ఫెయిల్.

"ట్వెంటీఫైవ్ ఇయర్స్ నడిపావు, హౌ కెన్ ఫెయిల్ లా, నాన్నా?"

"నేను రోడ్డుమీద నడిపినా. ప్రశ్నలమీద నడపలా."

రెండోసారి థియరీ గట్టెక్కింది. తర్వాత బండి పరీక్షలో పాత లారీ అలవాటు పట్టించింది. స్టీరింగ్ మీద ఒక్క చెయ్యి, కిటికీ మీద మోచెయ్యి. మళ్ళీ ఫెయిల్. ఆ మర్నాటినుంచి సుధామణిగారు చెక్కగరిటె పట్టుకుని, బ్లాక్ కింద ఆయన సాధన చేసే కుర్చీ పక్కనే కూర్చున్నారు. మోచెయ్యి జారితే చాలు, టప్!

"కొట్టకే, ఆంటీలందరూ చూస్తున్నారు!"

"చూడనీ. రేపు వాళ్ళే నీ వ్యాను ఎక్కేది."

దీపావళికి వారం ముందు పాసయ్యారు.

నిన్న ఉదయం వ్యాను మా బ్లాక్ ముందు ఆగింది. లోపల ఆరుగురు బామ్మలు, ఒకటే కబుర్లు. వెనక అద్దంమీద, కొత్త డ్రైవర్లు ఏడాదిపాటు అంటించుకోవాల్సిన నారింజరంగు త్రికోణం ఎండలో పండులా మెరుస్తోంది. వెనకున్న టాక్సీ విసుగ్గా హారన్ కొట్టింది. పురుషోత్తంగారు రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి నావైపు నవ్వారు.

"కొట్టనీ తమ్ముడూ. నేను కొత్తోణ్ణి కదా, మెల్లగానే పోతా."