బిళ్ళ మీద గీత

మా అత్తగారికి బీపీ ఉందని తేలిన రోజున ఆవిడ కన్నా ముందు నాకు చెమటలు పట్టాయి. డాక్టరు గారు ఆవిడ చేతికి చుట్టిన పట్టీ విప్పుతూ, ఇంట్లో ఏమన్నా చికాకులున్నాయా అని అడిగారు. అత్తగారు మెల్లగా మెడ తిప్పి నా వైపు చూశారు. డాక్టరు గారూ చూశారు. తన వంతు కోసం గుమ్మంలో నిలబడ్డ రొంపిచెర్ల రైతు కూడా తల లోపలికి పెట్టి మరీ చూశాడు. నేను ఈపూరు పక్క నుంచి నరసరావుపేటకు కాపురానికొచ్చి ఇంకా ఏడాది నిండలేదు. అప్పుడే ఒక మనిషి రక్తపోటుకు నేను కారణమైపోయాను.

ఇది ఎనభైల్లో మాట. ఇంట్లో ఉండేది ముగ్గురం: అత్తగారు, మామగారు, నేను. మా ఆయన లారీ మీద నాపరాళ్ళు వేసుకుని ఊళ్ళు తిరుగుతుండేవాడు కాబట్టి ఇంటి తగవుల్లో ఆయనకు పాత్ర లేదు. మామగారికి బజార్లో పగ్గాల కొట్టు ఉండేది. పలుపుతాళ్ళు, మోకులు, గోతాలు, చిక్కాలు అమ్మేవారు.

అసలు మేం డాక్టర్ల చుట్టూ తిరగడం మొదలెట్టింది బీపీ కోసం కాదు. అత్తగారి రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మాయి. గుంటూరులో కళ్ళ డాక్టరు ఆపరేషన్ చేస్తానన్నాడు గానీ, ముందు రక్తపోటు చూపించుకుని రమ్మన్నాడు. ఎక్కువుంటే అది తగ్గేదాకా కత్తి పట్టనని తేల్చి చెప్పాడు. అంటే ఆవిడ చూపు మొత్తం ఆ పట్టీకున్న మీటరులో సూది ఎక్కడ ఆగుతుందన్న దాని మీదే ఆధారపడింది.

ఆవిడకు చూపు ఎందుకు కావాలో వీధిలో అందరికీ తెలుసు. మధ్యాహ్నం పూట మా అరుగు మీద ఎదురింటత్తయ్యతో అష్టాచెమ్మా ఆడేవారు. నాపరాయి మీద గళ్ళు గీసి, చింతగింజలు, గాజుముక్కలు కాయలుగా పెట్టి, నాలుగు గవ్వలు వేయడం. కళ్ళు మసకేసినప్పటి నుంచీ గవ్వలు ఎన్ని పడ్డాయో ఎదురింటత్తయ్యే చెప్పాల్సి వస్తోంది. అప్పటి నుంచే అత్తగారు వరసగా ఓడిపోతున్నారు. ఎదురింటత్తయ్య అబద్ధం చెబుతోందని ఆవిడకు గట్టి అనుమానం. అయినా ఆట మానలేదు. కళ్ళు రానీ, దాని సంగతి తేలుస్తానని నాతో అనేవారు. మనుషులు కాశీ రామేశ్వరం చూడాలని కళ్ళు కోరుకుంటారు. మా అత్తగారు నాలుగు గవ్వల కోసం కోరుకున్నారు.

డాక్టరు గారు రాసిన బిళ్ళ తెల్లగా, గుండ్రంగా, మధ్యలో నిలువుగా ఒక గీతతో ఉండేది. ఇందులో రెండు మందులు కలిసి ఉన్నాయమ్మా, ఒకటి బీపీకి, రెండోది ఒంట్లో అదనంగా ఉన్న నీరు తీసేయడానికి, అందువల్ల మూత్రం కాస్త ఎక్కువ అవుతుంది, రోజూ పొద్దున్నే ఒకటి వేసుకో, అని వివరంగానే చెప్పారు. ఉప్పు తగ్గించమని నాకు చెప్పారు. అత్తగారు అంతా విని బుద్ధిగా తల ఊపారు. బిళ్ళల సీసా మాత్రం నా చేతికివ్వకుండా తన భోషాణంలో దాచుకున్నారు. కోడలి చేతిలో మందు పెట్టకూడదని ఎదురింటత్తయ్య సలహా ఇచ్చిందట.

నేను ఆవకాయ జాడీకి వాసెన గట్టి అటక మీదికెక్కించాను. పప్పులో ఉప్పు తగ్గించాను, పులుసులో తగ్గించాను, చారులో అయితే ఉప్పన్న మాటే మరిచిపోయాను. మామగారు నా వంట తింటూ కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. నేను మాత్రం దీక్షలో ఉన్నదానిలా వండాను. నెల తిరిగాక వెళ్ళి చూపిస్తే రక్తపోటు అరంగుళం కూడా దిగలేదు.

ఇక అందరూ నా మీద పడ్డారు. నేను చాటుగా ఉప్పు వేస్తున్నానని ఒకరు, ఎదురుసమాధానాలు చెబుతున్నానని ఇంకొకరు. "అత్తకి బీపీ తగ్గలేదంటే కోడలి నోరు తగ్గలేదనే గదా," అని ఎదురింటత్తయ్య గవ్వలు వేస్తూ తీర్పు చెప్పింది. నాకు ముక్కు మీదే కోపం. కానీ అక్కడ కోపం చూపిస్తే ఆవిడ చెప్పిందే నిజమవుతుంది. అందుకని లోపలికెళ్ళి రోట్లో పచ్చడిని దానికి అక్కర్లేనంతగా నూరాను.

ఈ గొడవలో మామగారి తీరు మారిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆయనకు ముక్కు దిబ్బడేసింది. జలుబు లేదు, దగ్గు లేదు, ముక్కు మాత్రం మూసుకుపోయింది. కొట్లో గల్లాపెట్టె మీద తల పెట్టి పట్టపగలు నిద్రపోయేవారు. పైనున్న పలుపు తీయడానికి లేచేవారు, కళ్ళు తిరిగి మళ్ళీ కూర్చునేవారు. బేరానికొచ్చిన రైతులు దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు. నూజెండ్ల నుంచి వచ్చిన ఒకాయన మోకుకు ధర చెప్పాడట. మామగారు లేచి, కూర్చున్నారట. ఈ ధరకు ఇష్టం లేదు కాబోలు అనుకుని ఆయన ధర పెంచాడు. మామగారు మళ్ళీ లేచి, మళ్ళీ కూర్చున్నారు. ఆయన మళ్ళీ పెంచాడు. బజార్లో మామగారికి గట్టి బేరగాడని పేరొచ్చింది. ఆ పేరుకు మురిసిపోయి ఆయనా తన కళ్ళు తిరుగుడు గురించి ఇంట్లో చెప్పలేదు.

రెండోసారి చూపించినప్పుడూ రక్తపోటు తగ్గలేదు. డాక్టరు గారు చిరాకు పడ్డారు. వారం ఆగి చూసి, అప్పటికీ ఇలాగే ఉంటే మందు పెంచుతానని, ఆపరేషన్ మాట ఇప్పట్లో మర్చిపొమ్మని చెప్పారు. రిక్షాలో ఇంటికి బయల్దేరాం. స్టేషను దాటాక అత్తగారు, "నా కళ్ళు ఇంక ఇంతేనేమోనే," అన్నారు. ఆ గొంతులో దెప్పడం లేదు. నిజంగానే ఆశ వదిలేసుకున్నారు. ఆవిడ మీద ఎన్ని కోపాలున్నా ఆ మాట అలా వదిలేయలేకపోయాను. ఎక్కడో ఏదో తేడా ఉంది, అదేందో తేల్చాలని అప్పుడే పట్టు పట్టాను.

తెల్లారి అత్తగారు పడమటింట్లోకి వెళ్ళి తలుపు చేరేశారు. కాసేపటికి మామగారూ వెళ్ళారు. ఇది రోజూ జరిగేదే. వాళ్ళేదో దణ్ణం పెట్టుకుంటారనుకుని నేనెప్పుడూ వెనకాల వెళ్ళలేదు. ఆ రోజు మజ్జిగ గ్లాసు వంకతో తలుపు తోశాను. ఇద్దరూ పక్కపక్కన రెండు పీటలు వేసుకుని తూర్పు ముఖంగా కూర్చుని ఉన్నారు. ముందు ఇంకో పీట. దాని మీద బిళ్ళ. అత్తగారి చేతిలో అడకత్తెర. పక్కన చిన్న బెల్లం ముక్క. చూస్తే ఏదో వ్రతం చేస్తున్నట్టే ఉంది.

అత్తగారు గోటితో బిళ్ళ మీద గీతను తడిమి, దాని మీద అడకత్తెర ఆనించి నొక్కారు. టక్కున విరిగింది. ఒక ముక్క తను నోట్లో వేసుకుని, రెండోది మామగారి చేతిలో పెట్టారు.

నేను గ్లాసు కింద పెట్టి అదేందని అడిగాను. అత్తగారు ఇక దాచలేక అంతా చెప్పారు. మామగారికి కొన్నాళ్ళుగా మూత్రం సరిగా రావడం లేదు. బొట్టుబొట్టుగా వస్తోంది. డాక్టరుకు చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గు. ఇంతలో ఈ బిళ్ళ వచ్చింది. ఇందులో రెండు మందులున్నాయి, ఒకటి బీపీకి, ఒకటి మూత్రానికి, అని డాక్టరే చెప్పాడు. మధ్యలో గీత కూడా ఉంది. అంటే ఇటుది ఒక మందు, అటుది ఇంకో మందు, మధ్యలో గట్టు. ఆవిడకు మూత్రం బాగానే వస్తోంది కాబట్టి ఆ సగం వృథా పోకుండా ఆయనకు ఇస్తున్నారు.

ఏ సగం ఏ మందో ఎలా తెలుసని అడిగాను. దానికీ జవాబుంది. "డాక్టరు ముందుగా బీపీ అన్నాడా, ఆ తర్వాత నీళ్ళన్నాడా. రాత ఎడమ నుంచి కుడికి గదా. ఎడమ పక్కది బీపీది, నాది. కుడి పక్కది నీళ్ళది, ఆయనది. పెళ్ళిలో పీటల మీద కూర్చున్నట్టే కుదిరింది."

బిళ్ళ గుండ్రంగా ఉంది కదా అత్తయ్యా, అటు తిప్పితే ఎడమది కుడి అవుతుంది కదా అన్నాను. ఆవిడ నన్ను చూసి జాలిపడ్డారు.

"అందుకేగదా తూర్పు ముఖంగా కూర్చునేది," అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే గడప మీద కూలబడ్డాను. ఇన్నాళ్ళూ నేను ఉప్పు లేని చారు కాచింది, వీధి వీధంతా నన్ను ఆడిపోసుకుంది, ఈ గట్టు పంపకం వల్లన్నమాట. ఆ పూట పొయ్యి కూడా వెలిగించకుండా ఇద్దర్నీ రిక్షా ఎక్కించి డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరు గారు ముందు అత్తగారికి పట్టీ కట్టి చూశారు. ఎక్కువుంది. మామగారికి కట్టి చూశారు. అడుగంటిపోయింది. ఆయనను నిలబెట్టి చూద్దామంటే ఆయన లేచి, అలవాటు ప్రకారం కూర్చున్నారు. నేను సంగతంతా చెప్పాను. డాక్టరు గారు కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నారు. తర్వాత చాలా ఓపిగ్గా అడిగారు, ఇడ్లీని సగానికి విరిస్తే ఒక సగంలో మినప్పప్పు, ఇంకో సగంలో బియ్యప్పిండి ఉంటాయా అమ్మా అని. రెండు మందులూ బిళ్ళంతా కలిసిపోయి ఉంటాయని, ఏ ముక్క తిన్నా రెండూ తిన్నట్టేనని చెప్పారు.

"ఇడ్లీకి మధ్యలో గీత ఉండదు గదా బాబూ," అన్నారు అత్తగారు.

ఆ గీత, డాక్టరే సగం వేసుకోమని చెప్పినవాళ్ళు విరుచుకోవడానికని, చెప్పనివాళ్ళు దాని జోలికి పోకూడదని ఆయన అన్నారు. తర్వాత మామగారి మీద పడ్డారు. ఒకరికి రాసిన మందు ఇంకొకరు మింగడమేంటి, తూము దగ్గర పూడుకుపోతే పూడిక తీస్తారా, పైనుంచి కాలువకు నీళ్ళు ఎక్కువ వదులుతారా, అని అడిగారు. సాగరు కాలువ కింద పొలాలున్న ఊళ్ళలో ఆ మాట అర్థం కాని మనిషి లేడు. మామగారు తల దించుకున్నారు. ముక్కు దిబ్బడ, కళ్ళు తిరగడం, మత్తు, అన్నీ ఆ బిళ్ళ పనే.

అయినా డాక్టరు గారికి ఒకటి అంతుబట్టలేదు. సగం బిళ్ళకే ఇంత దిగిపోయిందా అని గొణుక్కున్నారు. అత్తగారు సర్దుకుని కూర్చున్నారు.

"సమంగా సగమంటే సగం కాదులే బాబూ. అడకత్తెరతో ఇరిస్తే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అవుద్ది. ఏలితో తడిమి, పెద్ద ముక్క ఆయన పక్కనే పడేట్టు ఇరిచేదాన్ని. ఆయన బాధ చానా పెద్దది గదా," అన్నారు.

డాక్టరు గారు ఏదో తిట్టబోయి ఆగిపోయారు. మామగారు ఆవిడ వైపు చూశారు. ఆయన కళ్ళకేం శుక్లాలు లేవు. రోజూ పెద్ద ముక్కే తన చేతిలో పడుతోందని ఆయనకు తెలుసు. అత్తగారికి కళ్ళు కనపడక అలా వస్తోందనుకున్నారట. ఆ మాట రిక్షాలో తనంతట తానే చెప్పారు.

ఆ రోజు డాక్టరు గారు మామగారికి వేరే పరీక్షలు, వేరే మందు రాశారు. అత్తగారికి పాత బిళ్ళే, కానీ మొత్తం బిళ్ళ. ఇన్నాళ్ళు తగ్గిన సగాలన్నీ లెక్కగట్టి ఒక్కసారే వేసుకోనా అని ఆవిడ అడిగితే, డాక్టరు గారు కుర్చీలోంచి లేచినంత పని చేశారు. పోయినవి పోయినట్టే, రోజుకొకటే, తగ్గింది కదా అని తనను అడక్కుండా మానేయొద్దు, మంచం మీద నుంచి లేచేటప్పుడు కాసేపు అంచున కూర్చుని లేవమని చెప్పారు. బయటికొస్తుంటే నా మొహం చూసి, బీపీ కోడళ్ళ వల్ల రాదులే అమ్మా అన్నారు. ఆ మాట ఒక చీటీ మీద రాసిమ్మందామనుకున్నాను, ఎదురింటత్తయ్యకు చూపించడానికి.

అత్తగారు నాకేం క్షమాపణ చెప్పలేదు. బిళ్ళ మీద గీత తప్పు చోట పడిందని, కంపెనీవాళ్ళు చూసుకోలేదని వీధిలో చెప్పుకొచ్చారు. బిళ్ళల సీసా మాత్రం తెచ్చి నా చేతిలో పెట్టారు. నేను చారులో కాస్త ఉప్పు కనపడనిచ్చాను.

కొన్ని వారాలకు రక్తపోటు దిగింది. గుంటూరులో ఆపరేషన్ అయింది. సోడాబుడ్డి కళ్ళద్దాలు వచ్చాయి. ఆవిడ అవి పెట్టుకుని మొదటిసారి అరుగు మీద ఆటకు కూర్చున్న రోజు వీధిలో సగం మంది చూడ్డానికొచ్చారు. ప్రతి పందేనికీ గవ్వల మీదికి వంగి ముక్కు ఆనించి మరీ లెక్కపెట్టారు. ఎదురింటత్తయ్య పాపం ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. అత్తగారు ఆ రోజూ ఓడిపోయారు, ఈసారి కళ్ళారా.

మర్నాడు పొద్దున్నే నేను బిళ్ళలు పట్టుకెళ్ళేసరికి ఇద్దరూ ఎప్పటిలాగే తూర్పు ముఖంగా కూర్చుని ఉన్నారు. దిక్కుతో ఇక పని లేదని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆవిడ బిళ్ళ ఆవిడ వేసుకున్నారు. ఆయన మందు ఆయన వేసుకున్నారు. చేదు పోవడానికి ఒక బెల్లం ముక్క ఉంది. అత్తగారు దాన్ని అడకత్తెరతో విరిచి, రెండు ముక్కలూ కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని కాసేపు చూశారు. పెద్దది మామగారి చేతిలో పెట్టారు.

ఆయన ఆ ముక్క వంకా, ఆవిడ వంకా చూశారు. "కళ్ళు బాగానే కనపడుతున్నాయా?" అని అడిగారు.

"చానా బాగా కనపడుతున్నాయి. తిను," అన్నారు మా అత్తగారు.