మా కమ్మి, బావ కారు

ఆత్మకూరులో ఉండే మా అత్త కొడుకు, నాకు బావ, తన పాత అంబాసిడర్‌కు మామిడిపండు రంగు వేయించి, కిటికీలకు పూల కర్టెన్లు కట్టినాడు. రంగు చూసి ఎవరైనా నోరెత్తబోతే తలుపు తీసి, "ముందు కూర్చో, తర్వాత తిట్టు" అనేవాడు. కూర్చున్నవాడు ఇంక తిట్టేవాడు కాదు. అదే నాకు కడుపుమంట.

ఉదయగిరిలో మా నాయన అంబాసిడర్‌ను నేను కంపెనీ నుంచి వచ్చినట్టే తయారు చేయించినాను. అదే తెలుపు, నెల్లూరంతా గాలించి తెచ్చిన అదే స్టీరింగు. మోకాళ్ల నొప్పులతో ఉన్న అవ్వ పట్టుకుని ఎక్కేదానికని నాయన ముందు తలుపు పక్కన వెల్డింగ్ చేయించిన ఇనుప కమ్మిని కూడా పీకించేసినాను. కంపెనీ కారులో అది లేదు కదా! ఆ రోజు షెడ్డుకు వచ్చిన బావ, "నీకొద్దంటే నేను తీసుకుంటాలేరా" అని దాన్ని పట్టుకుపోయినాడు.

మొన్న కలిగిరి పెళ్లిలో రెండు కార్లూ పక్కపక్కనే నిలిచినాయి. జనం నా కారును దూరం నుంచి మెచ్చుకుని, బావ కారెక్కి ఫోటోలు దిగినారు. ఇంటికి బయల్దేరేటప్పుడు మా నాయన నా కారు తలుపు తీసి, పట్టు కోసం తడుముకున్నాడు. ఇప్పుడు ఆయన మోకాళ్లూ అవ్వ మోకాళ్లే. బావ తన కారు తలుపు తీసినాడు. తలుపు పక్కన నేను పీకించిన కమ్మే వెల్డింగ్ చేసి ఉంది. నాయన దాన్ని పట్టుకుని ఒక్క ఊపున ఎక్కి కూర్చున్నాడు.

"అచ్చం మన బండి మాదిరే ఉండాదిరా" అన్నాడు నాతో.

బావ నవ్వి ఉంటే కొట్లాడేవాణ్ణి. నవ్వలేదు.