ఓబులేసు సార్ చూపించిన పొలుసు

కంభంలో బస్సు దిగగానే చెరువు చేపల వాసన. రోడ్డు పక్కన ఒకామె చేపను రాయికేసి రుద్దుతుంటే పొలుసొకటి ఎగిరొచ్చి నా మణికట్టుకు అంటుకుంది. పొద్దుటి నుంచి మార్కాపురం ఆసుపత్రిలో రోగుల చర్మం చూసి చూసి అలసిపోయాను. దాన్ని దులుపుకునే ఓపిక కూడా లేదు. అలా చూస్తూ నిలబడితే ఓబులేసు సార్ గుర్తొచ్చారు.

గిద్దలూరులో ఇంటర్ చదివేటప్పుడు ఆయన మాకు జువాలజీ చెప్పేవారు. వస్తువు చూపించకుండా పేరు చెప్పడం ఆయనకు గిట్టదు. ఒకరోజు కాగితంలో చేప పొలుసులు చుట్టి తెచ్చి, ల్యాబులోని పుర్రె పక్కన పరిచారు. మేము పెన్నులు తీయగానే విసుక్కున్నారు.

"పేరు యాడికి పోతాది? ముందు చూడండమ్మా. లాటిన్‌లో స్క్వామా అంటే పొలుసు. కణత కాడ ఈ ఎముక పల్చగా ఉందని స్క్వామస్ అన్నారు. మన నోట్లో పొరకు కూడా అదే పేరు పెట్టినారు, కణాలు పొలుసుల మాదిరి పరుచుకున్నాయని. అంత చదువుకున్నోళ్లకు కూడా మాట చేపల అంగట్లోనే దొరికింది, చూసినారా?"

సార్ ఎండాకాలంలోనూ నిండు చేతుల చొక్కా వేసుకునేవారు. మోచేతుల కింద తెల్లగా పొట్టు రాలుతుందని అందరికీ తెలుసు. పామును చంపినాడంట, ఆ దోషం పిల్లలకు అంటుకుంటుందంట అని ఊళ్లో పుకారు. ఆయన్ను ప్రాక్టికల్స్ నుంచి తప్పించాలని పెద్దవాళ్లు ప్రిన్సిపాల్‌కు అర్జీ రాసి, మా చేత సంతకాలు పెట్టించారు. ఆయన క్లాసులో మొదటి మార్కు ఎప్పుడూ నాదే. అర్జీలో మొదటి సంతకమూ నాదే.

మర్నాడు సార్ క్లాసుకొచ్చి, చొక్కా చేయి పైకి మడిచారు.

"ఇది కూడా స్క్వామానే. మా నాయనకు ఉండె, నాకు వచ్చె. పామూ లేదు, శాపమూ లేదు, ఎవరికీ అంటుకోదు. చూడాలనుకున్నోళ్లు ముందుకు రాండి."

ఎవరూ కదల్లేదు. సార్ నా వైపే చూశారు. నేను తల వంచుకుని నోట్సులో స్క్వామా అని రాశాను.

"రాసుకుంటివా అమ్మా?"

"రాసుకున్నా సార్."

"సరే," అని చేయి దించుకున్నారు. ఆ నెలలోనే వేరే ఊరికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయారు. నేను డాక్టరునయ్యేనాటికి ఆయన లేరు.

ఇవాళ అర్ధవీడు నుంచి గొర్రెలు కాసే ఒకాయన వచ్చాడు. పొట్టు రాలే చేతులు పంచె మడతల్లో దాచుకుని, "ముట్టుకోవద్దు మేడమ్, అంటుకుంటాది," అన్నాడు. గ్లౌజులు లేకుండానే ఆ చేయి పట్టుకుని చూశాను. ఆయన ఏడ్చాడు. మంచి డాక్టరమ్మ అంటారు నన్ను. అలా అన్నప్పుడల్లా నాకు చాలా సిగ్గేస్తుంది. సార్ ముందుకు రమ్మన్నప్పుడు నేను వెళ్లలేదు.