పెద్దమ్మ కత్తిరించిన నీలం పట్టా

ఆ రోజుల్లో మా పల్నాటి పల్లెల్లో వానలో పరుగెత్తే మనిషిని చూస్తే ఎవరికైనా ఒకటే తోచేది, కల్లంలో మిరపకాయలు తడుస్తున్నాయని. పనేమీ లేకుండా ఒక మనిషి కావాలని వానలో పరుగెత్తుతాడని ఎవరూ అనుకునేవారు కాదు. ఇప్పుడు నరసరావుపేటలో ముసురు పట్టిన పొద్దున కూడా రంగు జాకెట్లు వేసుకుని పరుగెత్తేవాళ్ళు కనబడతారు (వాళ్ళలో నేనూ ఒకణ్ణి, నాకంటే కాస్త ముందు నా పొట్ట). వాళ్ళని చూసినప్పుడల్లా పెద్దమ్మ గుర్తొస్తుంది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆమె గురించి పెద్ద మాటలు రాయడం నాకు చేతకాదు, ఆమెకు నచ్చదు కూడా. నాకు వానలో పరుగెత్తడం ఎట్లా నేర్పిందో మాత్రం రాస్తాను.

డిగ్రీ అయ్యాక కానిస్టేబులు ఉద్యోగానికి పెట్టుకుంటే రాత పరీక్ష గట్టెక్కింది కానీ పరుగు పరీక్షలో పోయింది. ఆ రోజు చినుకులు పడ్డాయి. నేను అలవాటు కొద్దీ తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగెత్తాను (ఒంటి చేత్తో పరుగెత్తేవాడు ఏ స్థానంలో వస్తాడో చెప్పనక్కర్లేదు). మళ్ళీ నోటిఫికేషన్ పడేసరికి వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం. సాధన కోసం ఈపూరు దగ్గర పెద్దమ్మ ఊరికి వెళ్ళాను. "ఈసారి కూడా వానొస్తే ఎట్లా పెద్దమ్మా?" అన్నాను. "నీ కోసం పరీక్ష ఆపుతారా ఏంది? వానలోనే ఉరుకు. కరిగిపోడానికి నువ్వేమన్నా బెల్లం అచ్చువా?" అంది.

ఆ వేసవిలో అకాల వానలు పడుతూనే ఉన్నాయి. మొదటి రోజు పక్కింటి ట్రాక్టరు బాబాయి దగ్గర మందపాటి రెయిన్‌కోటు అడిగి తొడుక్కుని డొంక దారి పట్టాను. కోటు బయట వాన, లోపల చెమట, రెండూ పోటీ పడ్డాయి. నల్లరేగడి బూట్లకంటుకుని ఒక్కో కాలు ఇటుకంత బరువైంది. తడిసిన నూలు బట్టలు ఒరుసుకుని తొడలు మండుతుంటే బాతులా నడుస్తూ ఇల్లు చేరాను. పెద్దమ్మ నా కాళ్ళకేసి చూసి, "పొలమంతా ఇంటికి మోసుకొచ్చావేందిరా, రేపు నాగలి ఎక్కడ దున్నాలి?" అంది.

మర్నాటి నుంచి ఆమె మాటే చట్టం. తొడలకు కొబ్బరినూనె రాసుకోవాలి. ఒంటి మీద పలచటి బట్టలే ఉండాలి. నీళ్ళు కళ్ళలో పడకుండా అంచున్న టోపీ పెట్టుకోవాలి. డొంక వదిలి తారురోడ్డెక్కాలి, ఎదురొచ్చే లారీ కనబడేలా కుడి పక్కన పోవాలి, నీళ్ళు నిలిచిన చోట గుంత ఉంటుందని చుట్టు తిరగాలి. "మెరిస్తే మాత్రం చెట్టు కిందకి పోమాక. ఇంటికొచ్చి పడు." నేను రాగానే తల తుడుచుకున్నానో లేదో చూసి, బూట్లలో పాత పేపర్లు కుక్కి ఆరబెట్టేది. చివరికి, మిరపకాయలు కప్పడానికి కొన్న కొత్త నీలం టార్పాలిన్ పట్టా మూల కత్తిరించి, తల దూరేటంత కంత పెట్టి నా మెడలో వేసింది. "లారీవాడికి కనపడాలిగా" అంది. కొత్తది ఎందుకు పాడుచేశావంటే, "మూలేగా, ఏంకాదులే" అంది.

ఒక తెల్లవారుజామున తుంపర మొదలైతే ఆ ముక్క తగిలించుకుని బయల్దేరాను. ఊరి చివర కల్లాల దగ్గరకొచ్చేసరికి వెనక అలికిడి. తిరిగి చూస్తే ట్రాక్టరు బాబాయి, లుంగీ ఎగ్గట్టి, చంకలో పట్టాతో వస్తున్నాడు. అతని వెనక సగం ఊరు. నన్ను కొట్టడానికే వస్తున్నారనుకుని వేగం పెంచాను. వీడే ఇంతగా ఉరుకుతున్నాడంటే వాన ఎంత పెద్దదోనని వాళ్ళూ పెంచారు.

"ఒరేయ్, ఎవరి కల్లంరా?"

"నేనేం చేయలేదు బాబాయ్."

"చేయకపోతే ఇప్పుడు చెయ్యి. ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. అందరి కల్లాలూ కప్పడం అయిన కాసేపటికి కుండపోతగా కురిసింది. ఊరి కాయలన్నీ దక్కాయి, పెద్దమ్మ కల్లంలో ఒక్క మూల తప్ప. అక్కడ కాయలు తడిసి రంగు పోయాయి. బాబాయి పట్టాకేసి చూసి, "వదినా, ఈ మూలేమైంది?" అన్నాడు.

"ఎలక కొట్టింది."

ఆయన నా ఒంటి మీది నీలం ముక్కని తీరిగ్గా చూశాడు. "చానా పెద్ద ఎలకే."

"దానికి ఉద్యోగం రావాలి. ఆ మాత్రం కొట్టనీ" అంది పెద్దమ్మ.

పరీక్ష రోజున నిజంగానే వాన పడింది. పక్కవాళ్ళు మొహాలు తుడుచుకుంటుంటే టోపీ కిందికి లాగి, వెనక ఊరు పట్టాలతో వస్తోందనుకుని పరుగెత్తాను. నెగ్గాను. ఫోన్ చేసి చెబుతుంటే, "అదట్లుంచు, తల తుడుచుకున్నావా?" అంది. ఆ ఉద్యోగంతోనే ఇల్లు గడుస్తోంది, పిల్లలు చదువుతున్నారు.

ఇప్పుడు నాకు మంచి జాకెట్టే ఉంది. అయినా తుంపర మొదలై కాళ్ళు వేగం అందుకోగానే ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. తడి రోడ్డు తప్ప ఎవరూ ఉండరు. ఈ వయసులో ఎవరు తరుముతారని నాలో నేనే నవ్వుకుంటాను. ఇంటికి రాగానే, అడిగేవాళ్ళు లేకపోయినా, ముందు తల తుడుచుకుంటాను.