ఏ దేశమూ లేని నెలలు

మా అన్న కువైట్‌లో ఒక షేకు ఇంట్లో డ్రైవరుగా ఉన్నప్పుడు, అదే ఇంట్లో వంట చేసే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెది శ్రీలంక. కొండల మీద తేయాకు తోటల్లో పుట్టిన తమిళ పిల్ల. కువైట్ పని మానేసి ఇద్దరూ పుంగనూరు దగ్గర మా పల్లెకు వచ్చేసరికి మా అమ్మ గొర్రెలను దొడ్లోకి తోలుతోంది. అన్న ఫోన్లో ముందే చెప్పి ఉన్నా, కోడలిని ఎదురుగా చూసేసరికి ఆమె గొర్రెల సంగతే మరిచిపోయింది.

"ఏ ఊరు మ్మా మీది?" అని అడిగింది.

వదిన తమిళంలో తమ తోట పేరు చెప్పింది. అమ్మకు అర్థం కాక అన్న వైపు చూసింది.

"సిలోన్‌లో ఉండాది మా. సముద్రం అవతల" అన్నాడు అన్న.

అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "నీళ్ళవతలే గదా. రా మ్మే, కాళ్ళు కడుక్కో" అంది.

వదిన ఏ దేశపు మనిషి అని మా ఇంట్లో జరిగిన విచారణ అంతే. మిగతాదంతా బయట జరిగింది, ఏళ్ళకేళ్ళు జరిగింది.

నేను మదనపల్లెలో హైస్కూలు టీచర్ని. గొర్రెలు కాచుకునే మా ఇంట్లో ఆఫీసు కాగితాలు చదవగలిగినదాన్ని నేనే కాబట్టి వదిన వెంట తిరిగే పని నాకు పడింది. భారతీయుణ్ణి పెళ్ళి చేసుకున్నంత మాత్రాన ఈ దేశం మనిషి అయిపోరని నాకు అప్పుడే తెలిసింది. ఏడేళ్ళు ఇక్కడ కాపురం చేశాక గాని పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవడానికి లేదు. అంతదాకా వీసా పొడిగించుకుంటూ ఉండాలి. ఇల్లు మారితే చిత్తూరు వెళ్ళి పోలీసు ఆఫీసులో నమోదు చేయించుకోవాలి. అన్నకు శాంతిపురం దగ్గర గ్రానైట్ బండలు తోలే లారీ పని దొరికి కుప్పంలో ఇల్లు తీసుకున్నప్పుడు ఈ సంగతి చెబితే అమ్మ నమ్మలేదు.

"నా కోడలు యాడ పండుకుంటాదో పోలీసోళ్ళకు యాల?" అంది.

కుప్పం వచ్చాక వదిన ముఖం తేటపడింది. అక్కడ కూరగాయల అంగట్లో ఒక బేరం తెలుగులో మొదలై తమిళంలో సాగి కన్నడంలో తెగుతుంది. ఆమె మాటను వింతగా చూసేవాళ్ళు లేరు. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. పాప పుట్టింది. పాపతో పాటు అ ఆలు దిద్దుకుని, అది ఒకటో తరగతి దాటేలోపు తెలుగు పేపరు చదవడం నేర్చుకుంది.

కానీ కొన్ని గడపలు ఆమె దాటలేకపోయేది. వీధిలో ఆడవాళ్ళంతా పొదుపు సంఘంలో ఉండేవాళ్ళు. ఈ దేశం కాగితాలు లేవని వదినను చేర్చుకోవడానికి కుదరదన్నారు. అయినా సంఘం కూర్చున్న రోజు ఆమె కుట్టుపని ఆపి వాళ్ళతోనే కూర్చునేది, వాళ్ళూ జరిగి చోటిచ్చేవాళ్ళు. ఓట్లప్పుడు పల్లెకు వచ్చి మా అమ్మను చేయి పట్టుకుని బడి గేటు దాకా నడిపించి, గేటు బయట గోడ పక్కన నిలబడేది. అమ్మ వేలి మీద సిరా చుక్కతో బయటికొచ్చి, "ఎండలో నిలబడితివే" అని కొంగుతో ఆమె ముఖం తుడిచేది. ఇవన్నీ చూసి నాకు కోపం వచ్చేది. ఎవరి మీదో తెలియని కోపం. వదినకు మాత్రం వచ్చేది కాదు.

ఏడేళ్ళూ నిండాక దరఖాస్తు పెట్టాం. తర్వాత విచారణలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం మఫ్టీలో ఒకాయన వచ్చి వీధిలో వాళ్ళను అడిగాడు. ఎదురింటి పాలామె ఆయనకు చెప్పిన జవాబు వీధి అంతా తర్వాత చెప్పుకుంది.

"ఆమె శ్రీలంక నుంచి వచ్చిందని మీకు తెలుసా?"

"తెలుసప్పా."

"మంచిదేనా?"

"నా రైక సంక కాడ బిగుతు సేసింది. అదొక్కటే కంప్లయింటు."

ఆయన నవ్వుతూ రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

వారానికోసారి నేను బడి నుంచి వచ్చి ఫోన్లో దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో చూసేదాన్ని. పరిశీలనలో ఉంది. అదే మాట. వేసవి వెళ్ళి వాన వచ్చినా అదే మాట. నాకు ఆ రెండు ముక్కలు కలలోకి కూడా వచ్చేవి. ఒకసారి దసరా సెలవుల్లో కుప్పం వెళ్ళినప్పుడు, వదిన ఇంటి ముందు కొత్తగా సిమెంటు అరుగు కట్టిస్తోంది.

"ఇంకా ఏమీ తేలలేదు గదా వదినా. అంతవరకూ ఆగకూడదా?" అన్నాను.

ఆమె తాపీతో సిమెంటు సర్దుతున్న మేస్త్రిని చూస్తూ, "కూసోడానికి ఇప్పుడే గదా కావల్ల పాపా" అంది. ఆడబిడ్డను కాబట్టి నన్ను పాపా అనే పిలుస్తుంది.

"నీకు భయం లేదా?"

"ఉండాది."

"మరి ఎట్ల ఇంత నెమ్మదిగా ఉండావు?"

అప్పుడు ఆమె వాళ్ళమ్మ సంగతి చెప్పింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మేమెవరమూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

తెల్లదొరల కాలంలో తమిళనాడు నుంచి తేయాకు తోటలకు తీసుకుపోయిన కూలీల వంశం వాళ్ళది. సిలోన్‌కు స్వతంత్రం వచ్చాక, మీరు మావాళ్ళు కాదని ఆ దేశం అన్నది. ఇక్కడ పుట్టి ఎరగనివాళ్ళు మావాళ్ళు ఎలా అవుతారని ఈ దేశం అన్నది. వాళ్ళమ్మ అలా ఏ దేశమూ లేకుండా పుట్టింది. అలాగే పెరిగింది, ఆకు కోసింది, పెళ్ళి చేసుకుంది, నలుగురిని కన్నది. చట్టం మారి ఆమెను పౌరురాలిగా ఒప్పుకునేనాటికి తల నెరిసింది. వదిన అప్పటికి పెద్ద తరగతుల్లో చదువుతున్న పిల్ల.

"ఆ పొద్దు మా తోట కూలోళ్ళ లైనిండ్లలో అందరూ ఏడ్సినారు. మా యమ్మ మాత్రం బుట్ట తగిలించుకుని పనికి పొయ్యింది. సాయంత్రం వచ్చి మాకు పాయసం సేసింది" అంది వదిన. "నేను ఎన్నేండ్లు కాచుకున్యా ఆయమ్మంత కాచుకోను గదా."

చరిత్ర పుస్తకంలో ఒక వాక్యంగా కూడా నాకు తారసపడని సంగతి ఆ ఇంటి ముందు తడి సిమెంటు పక్కన నిలబడి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మాట్లాడుతోంది.

మరో ఏడాది గడిచాక ఉత్తరం వచ్చింది. సూత్రప్రాయంగా ఒప్పుకున్నాం, అయితే ముందు మీ పాత పౌరసత్వం వదులుకుని ఆ పత్రం తెచ్చివ్వండి అని దాని సారాంశం. అన్న మైసూర్‌పాక్ తెచ్చాడు. వదిన ఒక ముక్క నోట్లో పెట్టుకుని మిషను ముందు కూర్చుంది గాని కాళ్ళు కదల్లేదు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తల్లి సగం జీవితం కాచుకుని సంపాదించినదాన్ని కూతురు వెనక్కి ఇచ్చేయాలి. ఆ మాట తల్లికి ఎలా చెప్పాలి?

చాలా రోజులు చెప్పలేదు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వీడియో కాల్ చేసింది. తెర మీద ఆ పెద్దావిడ కనిపించింది. చిన్న ముఖం, రెండు ముక్కుపుడకలు, వెనక పొగమంచు. వదిన సంగతంతా తమిళంలో చెప్పి తల వంచుకుంది. కుప్పానికి వస్తూ పోతూ అలవాటైన చెవి కాబట్టి నాకు ప్రతి మాటా తెలుస్తోంది.

పెద్దావిడ తెరకు ఇంకా దగ్గరగా జరిగింది.

"పెట్టెలో దాచుకోవడానికా నేను ఆ కాగితం కోసం కాచింది?" అంది పెద్దావిడ. "నా ఇంటి నుంచి నన్ను ఎవరూ పొమ్మనకుండా ఉండాలని. నీ ఇల్లు అక్కడుంది. ఇచ్చేయ్."

వదిన ఏడుస్తోంది.

"ఇది ఇచ్చాక, అది వచ్చేలోపు ఎన్నాళ్ళు పడుతుంది?"

"తెలియదమ్మా. అంతవరకూ నేను ఏ దేశమూ కాదు."

"దానికా ఏడుస్తున్నావు? నేను ముసలిదాన్నయ్యేదాకా అలాగే ఉన్నాను. ఆకలి అయ్యేది. నిద్ర పట్టేది. మీరు పుట్టారు." ఆ తర్వాత పాపకు జలుబు తగ్గిందా అని అడిగింది.

చెన్నైలో ఉన్న వాళ్ళ దేశపు రాయబార కార్యాలయానికి నేనూ వదినా కలిసి వెళ్ళాం. కాగితాల మీద సంతకాలయ్యాయి. కొన్నాళ్ళకు మళ్ళీ రమ్మంటే వెళ్ళి, పాత పాస్‌పోర్టు ఇచ్చేసి, వదులుకున్నట్టు పత్రం తీసుకుని సాయంత్రం రైలెక్కాం. కిటికీ పక్కన కూర్చున్న ఆమెను నేను దొంగచూపులు చూస్తూనే ఉన్నాను. ఈ భూమ్మీద ఏ ప్రభుత్వమూ తనదని చెప్పుకోని మనిషి నా భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. జోలార్‌పేట దాటి రైలు కొండల్లోకి ఎక్కుతుంటే ఎదుటి సీటు ఆవిడ, "ఎక్కడమ్మా మీరు?" అని తమిళంలో అడిగింది.

"కుప్పం" అంది వదిన, ఒలిచిన పప్పులు ఆవిడ చేతిలో పోస్తూ. గొంతులో ఏ తడబాటూ లేదు.

ఆమె చోట నేనుంటే ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేదాన్ని కానని అనిపించింది. పుట్టుకతోనే వచ్చిన దేశం నాది. దాని మీద నా బరువు ఎంత ఆన్చి ఉన్నానో ఆ రైల్లోనే మొదటిసారి తెలిసింది.

ఆ నెలల్లోనే పెద్దావిడ కింద పడి తుంటి దగ్గర దెబ్బ తగిలించుకుంది. ఎముక విరగలేదు గాని మంచం దిగలేకపోయింది. వదిన వెళ్ళడానికి వీల్లేదు, చేతిలో ఏ పాస్‌పోర్టూ లేదు. రోజూ పొద్దున, సాయంత్రం ఫోను మిషను మీద నిలబెట్టి తల్లిని చూస్తూ కుట్టేది. తల్లి నడిచిందని తమ్ముడు చెప్పిన రోజు కాజాలన్నీ వంకరగా కుట్టి, మళ్ళీ విప్పింది.

నడక వచ్చాక పెద్దావిడ చేసిన పని మేమెవరం ఊహించలేదు. తోట దాటి పట్నం కూడా సరిగా చూడని ఆ మనిషి పాస్‌పోర్టు చేయించుకుంది. "అది రాలేకపోతే నేను పోతాను. నాకిప్పుడు దేశం ఉంది గదా" అన్నదట కొడుకుతో. వీసా తీసుకుంది. కొలంబోలో కొడుకు విమానం ఎక్కించాడు. చెన్నైలో అన్న, వదిన దించుకున్నారు.

కుప్పం స్టేషన్లో నేను పాప చేయి పట్టుకుని నిలబడ్డాను. ఫోన్లో చూసినదానికన్నా ఆమె ఇంకా చిన్నగా ఉంది. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో వదిన భుజం పట్టుకుని రైలు దిగి, ప్లాట్‌ఫారం మీద తల ఎత్తి అలాగే నిలబడిపోయింది. ఏమైందోనని కంగారుపడ్డాం.

"ఆకాశం ఎంతుందో చూడు" అంది. కొండల సందులో, మంచులో బతికిన కళ్ళు. మేము ఎప్పుడూ ఎండ అని తిట్టుకునేదాన్ని ఆమె నోరు తెరుచుకుని చూసింది. నేనూ తల ఎత్తాను. నిజమే, చాలా ఉంది.

పుంగనూరు దగ్గర మా పల్లెలో ఆమె పదిరోజులకు పైగా ఉంది. పొద్దున్నే కర్ర ఊతంతో మా అమ్మతో పాటు గొర్రెల వెంట గుట్ట వైపు నడిచేది. ఒకామెది తెలుగు, ఒకామెది తమిళం. ఏం మాట్లాడుకునేవాళ్ళో గాని తిరిగొచ్చేసరికి ఇద్దరి కొంగుల్లో రేగుపళ్ళు ఉండేవి. ఒకరోజు అమ్మ నాతో అంది.

"ఆయమ్మకు తల నెరిసేదాకా ఏ దేశమూ లేదంటనే."

"నీకెట్ల తెలుసు? తమిళం రాదు గదా నీకు."

"తెల్ల జుట్టు ముట్టుకోని, సెయ్యి సూపించి సెప్పింది. ఇట్ల రెండు సేతులూ ఖాళీగా." అమ్మ తన రెండు అరచేతులూ నా ముందు తెరిచి పెట్టింది. గడ్డి కోసిన గీతలున్న అరచేతులు.

పెద్దావిడ వీసా గడువు ముగిసి తిరిగి వెళ్ళాక గాని వదినకు పిలుపు రాలేదు. చిత్తూరులో అధికారి ముందు ప్రమాణం చేయాలి. అన్న లారీ వదిలి రాలేని రోజు అది. నేను బడికి సెలవు పెట్టి వెళ్ళాను. ఒక మామూలు గది, తిరిగే ఫ్యాను, ఫైళ్ళ వాసన. అధికారి లేచి నిలబడ్డారు. అందుకు నేను సిద్ధంగా లేను. ఆయన లేస్తే గుమాస్తా లేచాడు, సంతకం కోసం వచ్చి కూర్చున్న ఎవరో రైతు కూడా ఏమిటో తెలియకుండానే తలపాగా తీసి లేచాడు. వదిన కాగితం పట్టుకుని చదివింది. రాజ్యాంగానికి విధేయంగా ఉంటాననీ, చట్టాలను పాటిస్తాననీ. ఒక్కో మాట కూడబలుక్కుని, తొందరపడకుండా చదివింది. రోజూ ప్రార్థనలో పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించే దాన్ని నేను. అందులో ఒక్క మాటయినా ఇంత బరువుతో పలికానా అనుకున్నాను.

అధికారి, "శుభం అమ్మా" అన్నారు. అంతే. బయటికి వచ్చేశాం. ఆమె లారీ మీదున్న అన్నకు ఫోన్ చేసి చెప్పింది, తర్వాత తల్లికి చెప్పింది, రెండు మాటల్లో.

కుప్పం బస్సు పలమనేరులో ఆగితే ఇద్దరం టీ తాగాం. మళ్ళీ బస్సెక్కాక, బైరెడ్డిపల్లె వచ్చేలోపే వదిన నిద్రపోయింది. ఇన్నేళ్ళ ప్రయాణాల్లో ఆమె కళ్ళు మూయడం నేను చూడలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని నిటారుగా కూర్చునేది. ఇప్పుడు సంచీ కాళ్ళ దగ్గర పడి ఉంది. తల కిటికీ కమ్మీకి ఆని, నోరు కొంచెం తెరుచుకుని, గుంతల్లో బస్సు ఎగిరినా కదలకుండా నిద్రపోతోంది. నేను ఆ ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను.

పక్క సీటులో గంపతో కూర్చున్న ముసలామె వంగి చూసి, "ఏం మ్మా, ఒళ్ళు బాగలేదా ఆ పాపకు?" అని అడిగింది.

"బాగుండాదవ్వా. అలిసిపోయిండాది" అన్నాను.

"పండుకోనీ" అంది ఆమె, తన గంప ఇవతలికి లాక్కుని వదిన కాళ్ళకు చోటిస్తూ.