జేబులో ఉండాల్సిన ఫ్యూజులు

మోటార్లు బాగుచేసే హబీబ్‌కి ముప్పై ఆరేళ్లు. మూడు నెలలుగా కుడిచెయ్యి మణికట్టు నుంచి చచ్చుబడి ఉంది. నరసరావుపేటలో తీయించిన స్కానింగులో ఏమీ లేదు. ఏమీ లేదన్నాక బజారు ఊరుకుంటుందా? నాటకమంది. నాటకమాడితే అతనికి ఒరిగేదేమిటో ఒక్కరూ చెప్పలేదు. ఎడమచేత్తో అన్నం తినకూడదని తల్లి నజీమాయే పూటపూటా ముద్దలు పెడుతోంది.

డాక్టరు అర్చన మాత్రం నవ్వలేదు.

"నాటకం కాదు. నోటితో చెప్పుకోలేని మాట ఒంట్లో బయటపడుతుందని నూరేళ్ల కిందటే మనసు వైద్యులు అనేవాళ్లు. కట్టుకథలని కొట్టిపారేశారు. ఇప్పుడు మెదడు పనిచేస్తుండగా చూసే యంత్రాలొచ్చాయి. మీలాంటి కొందరిలో భయం రేగే చోటు, చెయ్యి కదిలించే చోటుని అడ్డుకుంటున్నట్టు కనబడింది."

"అంటే మోటారు కాలలేదు, స్టార్టరు ట్రిప్పవుతంది. అంతేనా మేడం?"

"అంతే. ఎందుకో మీకే తెలియాలి."

తెలుసు. మూడు నెలల కిందట రాజుపాలెం దగ్గర మిరపచేలో తమ్ముడు అక్రం బోరు మోటారు వైర్లు కలుపుతున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకినవాడు వాటిని జేబులోనే ఉంచుకోవాలి. మోటారు దగ్గరివాడు ఫోను చేసిందాకా పెట్టకూడదు. అది వాళ్ల పనిలో కట్టుబాటు. పీకింది హబీబే. కరెంటు పోయే వేళయిందని, తోట ఎండుతోందని రైతు తొందరపెట్టాడు. ఈపాటికి అయిపోయుంటుందిలే అనుకుని, ఫోను రాకుండానే ఆ కుడిచేత్తో పెట్టేశాడు. అక్రం అక్కడికక్కడే పోయాడు. హబీబ్ భయపడి, తాను ఫ్యూజులు పీకకముందే తమ్ముడు వైర్ల మీద చెయ్యి పెట్టాడని అందరికీ చెప్పాడు. తల్లికీ అదే చెప్పాడు.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన ఆ మధ్యాహ్నం నజీమా అన్నం కలుపుతూ ఎప్పటిలాగే మొదలెట్టింది. "వాడికి చానా తొందర్రా. నువ్వు పీకిందాకా ఆగుంటే బతికేవోడు. ఎదవ."

"అమ్మా, నేను పీకా. వాడు ఫోను చెయ్యకముందే మళ్లీ పెట్టింది నేనే."

ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయింది. "మూడు నెల్లు నా బిడ్డని నాచేత తిట్టించావంట్రా?"

ముద్దని పళ్లెంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, లోపలికెళ్లి తలుపేసుకుంది.

హబీబ్ ఎడమచేత్తో కుడిచెయ్యి ఎత్తి పళ్లెంలో పెట్టుకున్నాడు. కాసేపటికి అన్నంలో అతని చూపుడువేలు కదిలింది. తర్వాత బొటనవేలు. అమ్మా అని పిలవబోయాడు. లోపల ఆమె అక్రంని పేరుపెట్టి పిలుస్తూ, తప్పయిపోయింది నాయనా అని ఏడుస్తోంది. హబీబ్ నోరు మూసుకున్నాడు.